కొత్త ఉద్యోగంలో విండోస్ సర్వర్లు: పాస్‌వర్డ్ కంటే ముందు గడియారం, డీఎన్‌ఎస్

ప్రశ్న (అనంతపురం, ప్రస్తుతం డాలస్):
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఊళ్లో ఇంజనీరింగ్ చదివి, కొన్నేళ్లు డెస్క్‌టాప్ సపోర్టు చేసి, ఈ మధ్యే ఇక్కడ ఒక చిన్న సంస్థలో చేరాను. సర్వర్లన్నీ నాకే అప్పగించారు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా కొందరికి అప్పుడప్పుడూ లాగిన్ కావడం లేదు, షేర్ ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు?

జవాబు (కడప, ప్రస్తుతం హ్యూస్టన్):
తమ్ముడూ, పాస్‌వర్డ్‌లు మార్చడం మొదలుపెట్టకండి, ముందు గడియారాలు చూడండి. యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థలోని యూజర్లు, యంత్రాల వివరాలు ఉంచే విండోస్ వ్యవస్థ) లాగిన్‌లను తనిఖీ చేసే కెర్బెరోస్, గడియారాల మధ్య మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. అది దాటితే టికెట్లు (లోపలికి రానిచ్చే అనుమతి పత్రాల్లాంటివి) తిరస్కరిస్తుంది. మన దేశమంతటికీ ఒకే సమయం, వేసవికి గడియారం మార్చే పద్ధతీ లేదు కాబట్టి టైమ్ జోన్ల సంగతి మనకు అలవాటు ఉండదు. విండోస్ లోపల లెక్కంతా యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) జరుగుతుంది. టైమ్ జోన్ తప్పుగా ఉన్న యంత్రంలో జోన్ సరిచేయకుండా, తెరమీద కనబడే గంటను మాత్రం చేత్తో సవరిస్తే, చూడటానికి సమయం సరిగ్గానే ఉంటుంది కానీ లోపలి యూటీసీ గంటల తేడాతో తప్పుతుంది. అందువల్ల గంట ఒక్కటే చూసి ఊరుకోకుండా, జోన్ కూడా చూడాలి. డొమైన్ కంట్రోలర్లలో (సంస్థ యంత్రాల సముదాయమైన డొమైన్‌లో లాగిన్‌లను చూసుకునే సర్వర్లు) పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర, అంటే మిగతావాటికి సమయం చెప్పే బాధ్యత, ఉన్నది ఒక్కటే బయటి ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్ మీద సరైన సమయం ఇచ్చేది) నుంచి సమయం తీసుకోవాలి, మిగతావి డొమైన్ నుంచే తీసుకోవాలి. సర్వర్లు వర్చువల్ మెషీన్లయితే (ఒకే యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి), వాటిని నడిపే హోస్టు యంత్రం తన సమయాన్ని వాటిమీద రుద్దుతోందేమో కూడా గమనించండి.

ఇక “అప్పుడప్పుడూ” అన్నారు చూశారా, నాకు ఎక్కువ అనుమానం డీఎన్‌ఎస్ (యంత్రం పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చే సేవ) మీదే. నెట్‌వర్క్ కార్డులో మొదటి డీఎన్‌ఎస్‌గా సంస్థ సర్వర్‌ను, రెండోదిగా 8.8.8.8ను (గూగుల్ వారి పబ్లిక్ డీఎన్‌ఎస్) పెట్టడం చాలాచోట్ల కనబడుతుంది. మొదటిది కాస్త ఆలస్యం చేస్తే యంత్రం రెండోదాన్ని అడుగుతుంది, దానికి మీ డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో తెలియదు. కాసేపటికి తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి కారణం దొరకదు. యంత్రాలకు లోపలి డీఎన్‌ఎస్ సర్వర్లు మాత్రమే ఇవ్వండి. బయటి చిరునామాను ఆ సర్వర్‌లోనే ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను అది అడిగే చోటుగా) పెట్టండి.

జవాబు (కర్నూలు నుంచి, రాత్రి షిఫ్టు సపోర్టు):
అన్నగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. విండోస్‌లో జరిగినవాటి నమోదులు చూపించే ఈవెంట్ వ్యూయర్, చూసేవారి యంత్రం జోన్ ప్రకారమే సమయం చూపిస్తుంది. అందుకే డాలస్ శీతాకాలంలో రాత్రి 2:10కి నమోదైన తప్పు, మా తెరమీద మధ్యాహ్నం 1:40గా కనిపిస్తుంది. వేసవిలో తేడా పదకొండున్నర గంటల నుంచి పదిన్నరకు తగ్గుతుంది. ఇండియాలోని బృందానికి మెయిల్ రాసేటప్పుడు ఎప్పుడూ యూటీసీలోనే రాయండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. అలాగే అమెరికాలో మార్చి రెండో ఆదివారం రాత్రి 2 నుంచి 3 దాకా ఉండే గంట అసలు రాదు, నవంబరు మొదటి ఆదివారం 1 నుంచి 2 దాకా ఉండే గంట రెండుసార్లు వస్తుంది. బ్యాకప్‌లు ఆ సమయంలో పెట్టి ఉంటే తెల్లవారుజామున 4 దాటాక జరిగేలా మార్చండి.