ఇంట్లో గన్ పెట్టుకుందామనుకుంటున్నాను, ఏది కొనాలి?

ఫ్రిస్కో తమ్ముడు:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఫ్రిస్కోకి వచ్చి ఎనిమిది నెలలైంది. పోయిన నెల మా వీధిలో మనవాళ్ల ఇంట్లో దొంగలు పడి బంగారమంతా ఊడ్చుకుపోయారు. అప్పట్నుంచి మా ఆవిడకి కంటి మీద కునుకు లేదు. ఇంట్లో ఒక గన్ ఉంచుకుందామని చూస్తున్నాను. హ్యాండ్‌గన్ నయమా, షాట్‌గన్ నయమా? బుల్లెట్లలో ఏ రకం తీసుకోవాలి? నేను హెచ్1బీ, ఆవిడ హెచ్4, బాబుకి మూడేళ్లు.

ప్లేనో అన్న:
తమ్ముడూ, నువ్వు ఆఖర్న రాసిన ముక్కతోనే మొదలుపెడతాను. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 ఏదైనా సరే, నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా, మీద వచ్చినవాళ్ల దగ్గర గన్ ఉండకూడదు, ఒక్క బుల్లెట్ కూడా ఉండకూడదు. ఇది ఫెడరల్ చట్టం. టెక్సాస్‌లో గన్ కొనడానికి స్టేట్ లైసెన్సు అక్కర్లేదని ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు. నిజమే, కానీ ఆ మాట వాళ్లకి, నీకు కాదు. షాపులో 4473 అనే ఫారం నింపాలి, అందులో వీసా సంగతి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అదే పెద్ద కేసు. గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్ చేత కొనిపిద్దాం అనిపిస్తే ఆ ఆలోచన ఇప్పుడే మానుకో. 2022లో వచ్చిన చట్టం ప్రకారం దానికి 15 ఏళ్ల దాకా జైలు. పైగా గన్ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపేయొచ్చు.

"హంటింగ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది" అని కూడా నీకు చెప్తారు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్నమాట వాస్తవం. కానీ టెక్సాస్ హంటింగ్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చేయడం మర్చిపోయావనుకో, సెప్టెంబర్ 1 పొద్దున నీ అల్మారాలో ఉన్నది నేరం. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, చిన్నపిల్లాడు, వీటి మధ్య ఆ తేదీని నమ్ముకుని బతుకుతావా? నేనైతే ఆ జోలికి పోను. పోయి తీరతానంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు, వాట్సాప్ గ్రూప్‌ని కాదు.

షూటింగ్ రేంజ్ కూడా అంతే. నేను హెచ్1బీ మీద ఉన్నప్పుడు మా టీమ్ అవుటింగ్ అక్కడే పెట్టారు. అద్దె గన్ చేతిలోకి తీసుకున్నా నీ దగ్గర ఉన్నట్టే లెక్క. నేనూ, ఒక తమిళ అతనూ అద్దానికి ఇవతల కూర్చుని రెండు గంటలు కాఫీ తాగాం. మేనేజర్ నవ్వాడు, నవ్వుకోనీ. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు మొదలైంది కూడా రేంజ్‌లోనే. స్టూడెంట్ వీసా మీద వచ్చి, కాలేజీ తీసేశాక ఇక్కడే ఉండిపోయిన కుర్రాడు ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చాడు.

ఇర్వింగ్ వదిన:
అన్నయ్యా, మాకు పోయినేడు గ్రీన్ కార్డ్ వచ్చింది. మేం కొనుక్కోవచ్చు కదా? అత్తయ్యగారు వాళ్లు విజిటర్ వీసా మీద మాతోనే ఉన్నారు.

ప్లేనో అన్న:
కొనుక్కోవచ్చమ్మా. షాపులో హ్యాండ్‌గన్‌కి 21 ఏళ్లు నిండాలి. అయితే అత్తయ్యగారికీ మామయ్యగారికీ గన్ పెట్టిన పెట్టె తాళం చేతికి అందకూడదు, దాని కోడ్ తెలియకూడదు. వాళ్లది కూడా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాయే.

ఏది కొనాలన్న దానికి జవాబు మీ ఇంటి గోడలోనే ఉంది. నేను టీవీ బిగిద్దామని డ్రిల్ పెడితే బిస్కెట్‌లో దిగినట్టు దిగిపోయింది. అటు అరంగుళం జిప్సమ్ బోర్డు, ఇటు అరంగుళం, మధ్యలో కర్రలు, మిగతాదంతా ఖాళీ. మన ఊళ్లో ఇటుక గోడ కాదిది. హ్యాండ్‌గన్‌లో వాడే తొమ్మిది ఎంఎం బుల్లెట్ ఇలాంటి గోడల్ని ఒకటి కాదు, నాలుగైదు దాటేస్తుంది. షాట్‌గన్‌లో వేసే పెద్ద గుళ్లు, బక్‌షాట్ అంటారు, అవి కూడా దాటుతాయి. గోడలు దాటనంత సన్నటి గుళ్లు, బర్డ్‌షాట్, వేస్తే ఎదుటివాణ్ణి ఆపుతుందన్న నమ్మకం లేదు. షాట్‌గన్ గురికి తేలికే, కానీ ఒక చేత్తో పిల్లాణ్ణి ఎత్తుకుని రెండో చేత్తో పట్టుకునే వస్తువు కాదు. మంచం పక్క పెట్టెలో కూడా పట్టదు.

బుల్లెట్లలో ఫుల్ మెటల్ జాకెట్ అని చవగ్గా దొరికేవి రేంజ్‌లో ప్రాక్టీసుకి. ఇంటికి వాడేది హాలో పాయింట్, దాని మొనలో గుంట ఉంటుంది, ఒంట్లో దిగగానే మొన విచ్చుకుని అక్కడే ఆగేలా చేస్తారు. 1986లో మయామీ కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత ప్రకారం ఒంటి కండకి బదులు పరీక్షకి వాడే జెల్‌లో బుల్లెట్ 12 నుంచి 18 అంగుళాలు వెళ్లాలి. ఒక్క తిరకాసు ఉంది. గోడలోంచి వెళ్తే ఆ మొనలో జిప్సమ్ పొడి కూరుకుపోయి విచ్చుకోకుండా మామూలు బుల్లెట్‌లాగే పోవచ్చు. అంటే గురి తప్పితే హాలో పాయింటైనా పక్కగదిలోకే. అందుకే గన్ పట్టుకుని చీకట్లో ఇల్లంతా వెతకొద్దు. అందరూ ఒకే గదిలోకి చేరి, తలుపు వేసుకుని, 911కి ఫోన్ చేసి, లైన్‌లోనే ఉండండి. ఏ గది ఎంచుకోవాలో పగలే చూసుకోండి, తలుపు వైపు గురిపెడితే వెనకాల పిల్లల మంచం రాకూడదు.

ఇంకోటి, తాళం ముందు, గన్ తర్వాత. నేలకో గోడకో బోల్టు చేసిన బాక్స్ కొనండి. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే, వాళ్లు దాన్ని తీసుకుంటే నేరం మీదే. చిన్న పిల్లలకి అల్మారా పైఅర అందనంత ఎత్తేం కాదు, కింది అరలే వాళ్లకి నిచ్చెన.

జెర్సీ అక్క:
వేరే స్టేట్‌కి మారేవాళ్లు కొత్తగా చూసుకోవాలి. ఇక్కడ న్యూజెర్సీలో మ్యాగజీన్‌లో, అంటే గన్‌లో బుల్లెట్లు నింపే డబ్బాలో, పది బుల్లెట్లే. ఇల్లినాయ్‌లో గన్ ఉంచుకోవడానికి స్టేట్ ఇచ్చే ఫాయిడ్ కార్డు కావాలి. మసాచుసెట్స్‌లో బుల్లెట్లకి కూడా లైసెన్సు. ఇండియా వెళ్లేముందు రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగులో సామాను సర్దుకోవద్దు. మూల కుట్టులో ఒక్క తూటా ఇరుక్కున్నా అక్కడ ఎయిర్‌పోర్టులో ఆర్మ్స్ యాక్ట్ కేసు.

అసలు ఫ్రిస్కో తమ్ముడికి ఒకటి చెప్పాలి. బంగారం కోసం వచ్చేవాళ్లు మీరు ఇంట్లో లేనప్పుడు చూసుకునే వస్తారు, పెళ్లికో పూజకో వెళ్లినప్పుడు. అప్పుడు గన్ మీ బాబుని కాపాడదు, అదీ బంగారంతో పాటే పోతుంది. బంగారం బ్యాంక్ లాకర్‌లో పెట్టు. తలుపు గొళ్లెం దిగే ఇనుప పట్టీ దగ్గర స్క్రూలు తీసి మూడంగుళాలవి వెయ్యి, అవి ఫ్రేమ్ దాటి లోపలి కర్రలోకి దిగుతాయి. పదిహేను నిమిషాల పని.

ఫ్రిస్కో తమ్ముడు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. గన్ ఆలోచన మానేశాను. లాకర్ కోసం రెండు బ్యాంకులు తిరిగాను, ఒకచోట వెయిటింగ్ లిస్టు. పొద్దున స్క్రూలు తెచ్చి పాతవి ఊడదీశాను. నా చిటికెన వేలు గోరంత ఉన్నాయి. ఎనిమిది నెలలు వాటిని నమ్ముకుని నిద్రపోయాం.