సింథ్‌లో సొంత సౌండ్లు: నేర్చుకోవాల్సిందేనా, ప్రీసెట్లు చాలవా?

కటాఫ్_కుర్రాడు (హైదరాబాద్):

నమస్కారం. మూడు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక మైక్రోకార్గ్ సింథ్ (సౌండ్‌ని మనమే తయారు చేసుకోగల కీబోర్డు) కొన్నాను. 2002లో వచ్చిన మోడల్. బుల్లి కీలు 37, మెడ వంచుకునే చిన్న మైకు, 128 ప్రోగ్రాములు, అంటే కంపెనీ ముందే చేసి పెట్టిన సౌండ్లు, ప్రీసెట్లు. పెద్ద డయల్ చివరి గడికి తిప్పితే అన్నీ వోకోడర్‌వే: ఏ వైపు ఎనిమిది, బి వైపు ఎనిమిది. మైకులో మాట్లాడుతూ కీలు నొక్కితే మన మాటని కీబోర్డు పాడుతుంది.

పాటల కంటే నాబుల మీదే ఎక్కువసేపు కూర్చున్నానన్నది నిజం. మా బ్యాండ్‌లో ప్యాడ్స్ వాయించే అన్న నిన్న గట్టిగానే అన్నాడు: "128 ఉన్నాయి కదరా, ముందు వాటితో వాయించడం నేర్చుకో, కొత్తవి తర్వాత చేద్దువుగాని." నాకేమో సింథ్ కొని ప్రీసెట్లు మాత్రమే వాయించడమంటే, వంటిల్లు కట్టించుకుని రోజూ కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకున్నట్టు ఉంటుంది. మీరేమంటారు?

గోదారి_కీస్ (రాజమండ్రి):

కర్రీ పాయింట్ వాడు నీకంటే బాగా వండితే తెచ్చుకోవడమే మంచిది తమ్ముడూ.

ఇరవై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో ఉన్నాను. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, జాతరలు. పాటకీ పాటకీ మధ్య నాకు దొరికేది పది సెకన్లు. సింగరమ్మ ఇటు తిరిగి "అన్నా, శ్రుతి రెండున్నర వద్దు, రెండుకి దించు" అంటుంది. ఆ పది సెకన్లలో ట్రాన్స్‌పోజ్ మార్చాలి, ఫ్లూట్ పట్టాలి, బిట్ ఎత్తుకోవాలి. జనానికి కావాల్సింది క్యాసెట్లో విన్న ఫ్లూటే. నేను రాత్రంతా కూర్చుని కనిపెట్టిన సౌండు కాదు. అందుకే మా వాళ్లందరూ రెడీ టోన్లు కొని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటారు. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఇంకో మాట. 1983లో యమహా డీఎక్స్7 అనే సింథ్ వచ్చింది. దాని ఎలక్ట్రిక్ పియానో ప్రీసెట్ ఎనభైల నాటి పాటల నిండా వినిపిస్తుంది. రిపేరుకి వచ్చిన డీఎక్స్7లలో చాలావాటిలో కంపెనీ సౌండ్లే చెక్కుచెదరకుండా ఉండేవని మెకానిక్కులు చెప్పుకునేవారట. ఆ పాటలు నిలబడలేదా మరి?

ఓల్టేజ్_వాణి (చెన్నై):

గోదారి గారూ, డీఎక్స్7 ఉదాహరణ మీ వైపు నిలబడదండీ. అందులో సౌండ్ పుట్టించే ఆపరేటర్లు ఆరు, వాటిని కలిపే తీరులు, అంటే అల్గారిథమ్‌లు, 32. తిప్పడానికి నాబ్ ఒక్కటీ లేదు. చదునైన బటన్లు, విలువలు మార్చడానికి ఒకే స్లైడర్, రెండు వరసల చిన్న తెర. దాని ముందు కూర్చున్నవాళ్లు చేతులెత్తేశారంటే తప్పు ఆ బటన్లది. సౌండ్ చేసుకోవడం దండగని దానివల్ల రుజువు కాలేదు. బ్రయాన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారుడు అదే డబ్బాలో సొంత సౌండ్లు చేసుకున్నాడు, ఓపిక ఉంది కాబట్టి.

అసలు కుర్రాడు అడిగింది వోకోడర్ ఉన్న సింథ్ గురించి. ప్రీసెట్ వాదం వీగిపోయేది అక్కడే. కొంచెం పెద్దగా రాస్తాను, తిట్టుకోకండి.

వోకోడర్ పుట్టింది పాటల కోసం కాదు. 1928లో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ అనే ఇంజనీరు, మాటని పిండి తక్కువ జాగాలో టెలిఫోన్ తీగ మీద పంపాలనుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే సూత్రంతో సిగ్‌సాలీ అనే రహస్య ఫోను వ్యవస్థ కట్టి, వాషింగ్టన్, లండన్ మధ్య పెద్దలు మాట్లాడుకున్నారు. సంగీతానికి అది గట్టిగా పట్టింది 1970లో సంగీతకర్త వెండీ కార్లోస్, సింథ్‌లు తయారు చేసే రాబర్ట్ మూగ్ కలిసి పది బ్యాండ్ల వోకోడర్ కట్టిన తర్వాతే.

పని చేసే తీరు సులువే. మన గొంతుని కింది ధ్వనుల నుంచి పై ధ్వనులదాకా కొన్ని ముక్కలుగా, అంటే బ్యాండ్లుగా, కోస్తుంది. ఒక్కో బ్యాండ్‌లో ఈ క్షణాన ఎంత చప్పుడుందో కొలుస్తుంది. సింథ్ స్వరాన్ని కూడా అలాగే కోసి, ఆ కొలత ప్రకారం ఒక్కో బ్యాండ్‌ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. గొంతులోని శ్రుతి పోతుంది, నోరు తిరిగిన తీరు మిగులుతుంది. స్వరం కీబోర్డుది, మాట మీది. అంటే సగం సౌండు మీ నోట్లో ఉంది. ఫ్యాక్టరీలో ఎవరో తన గొంతుకి, బహుశా ఇంగ్లిష్ మాటలకి సరిచూసి పెట్టిన ప్రీసెట్ మీ నోటికి ఎలా సరిపోతుంది?

తెలుగులో అయితే ఈ సంగతి ఇంకా తెలుస్తుంది. మనది అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది, సాగుతుంది. వోకోడర్‌కి అది పండగ. "రావమ్మా" అని అచ్చు లాగి పట్టుకుంటే తీగ పట్టినట్టు పాడుతుంది. చిక్కు హల్లుల దగ్గర. మైక్రోకార్గ్‌లో బ్యాండ్లు ఎనిమిదే. నాలుక వెనక్కి మడిచి పలికే ళ, ణలని చెవి గుర్తుపట్టేది చాలావరకు రెండు మూడు వేల హెర్ట్జ్‌ల దగ్గర జరిగే చిన్న కదలికలతో. అంత సన్నటి తేడా ఎనిమిది ముక్కల జల్లెడలో నిలవదు. "కల" అన్నా "కళ" అన్నా ఒకటే. స, శ, ష పూర్తిగా ఇంకో కథ. అవి గాలి చప్పుళ్లు. క్యారియర్‌లో, అంటే మాటని మోసే సింథ్ స్వరంలో, ఆ పైభాగం లేకపోతే "సాయంత్రం" కాస్తా "ఆయంత్రం" అవుతుంది. దానికి మైకు సెక్షన్‌లో హెచ్‌పీఎఫ్ (పై ధ్వనుల్ని మాత్రమే వదిలే ఫిల్టర్) లెవెల్ పెంచాలి, క్యారియర్‌కి కొంచెం నాయిస్, అంటే బుస్సుమనే చప్పుడు, కలపాలి. ఇది ప్రీసెట్ చేసిపెట్టదు. మీరే చేసుకోవాలి.

డాలస్_బాబు:

ఎందుకండీ ఇంత గోల, ల్యాప్‌టాప్‌లో ఆటోట్యూన్ ప్లగిన్ వేసి గట్టిగా తిప్పితే ఇదే రోబో గొంతు వస్తుందిగా.

ఓల్టేజ్_వాణి:

రాదండీ. 1997లో వచ్చిన ఆటోట్యూన్ మీ గొంతుని అలాగే ఉంచి శ్రుతిని పక్క స్వరానికి లాగుతుంది. వోకోడర్‌లో మీ గొంతు బయటికే రాదు, దాని గీత మాత్రం సింథ్ మీద పడుతుంది. మీరు ఒకే శ్రుతిలో గొణిగినా కీబోర్డులో నాలుగు స్వరాలు పడితే నాలుగూ మాట్లాడతాయి.

గోదారి_కీస్:

మేడమ్, వోకోడర్ వరకు ఒప్పుకుంటా. మా ఆర్కెస్ట్రాలో ఎవరికీ అక్కర్లేదనుకోండి, అది వేరే సంగతి. మిగతా సౌండ్ల గురించి మాత్రం నా మాట నాదే.

నేనూ చేయలేదనుకోకండి. నాలుగేళ్ల కిందట ఒక నాదస్వరం టోన్ తయారు చేసుకున్నా. కంపెనీ షెహనాయ్ తీసుకుని అటాక్ (స్వరం ఎత్తుకునే వేగం) కొంచెం నెమ్మది చేసి, దానంతటది ఊగే వైబ్రాటో పూర్తిగా పీకేసి, కటాఫ్ (ఫిల్టర్ పై ధ్వనుల్ని కోసే హద్దు) తగ్గించి. రెండు వారాలు పట్టింది. తాళి కట్టేటప్పుడు మేళం వాళ్లే తలెత్తి చూశారు. తర్వాత ఒకాయన దగ్గర కొత్త టోన్ సెట్ ఎక్కించుకుంటే, నా సొంత సౌండ్లు దాచుకున్న యూజర్ బ్యాంక్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ తీశావా అని ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. సీజన్ మధ్యలో మళ్లీ రెండు వారాలు ఎక్కడి నుంచి తేను? అప్పటి నుంచి కొనుక్కోవడమే.

కటాఫ్_కుర్రాడు:

అన్నా, అంటే మీరూ వండుకున్నారుగా!

గోదారి_కీస్:

అది వంట కాదు నాయనా, తాలింపు. కూర వాడు చేశాడు, పోపు నేను పెట్టా. నువ్వు చేస్తున్నది వరి నాటడం.

ఓల్టేజ్_వాణి:

ఈ తాలింపు మాటతో నాకు పేచీ ఉంది. ప్రీసెట్ మీద రెండు నాబులు తిప్పితే ఆ సౌండ్ మారుతుంది గానీ ఎందుకు మారిందో తెలియదు. వెనకాల ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగుతూ వేరేదాన్ని ఊపే భాగం) ఏదో ఫిల్టర్‌ని ఊపుతూ ఉంటుంది, ఇంకో ప్యాచ్ (ఒక భాగాన్ని ఇంకోదానికి కలిపే లంకె) ఇంకేదో చేస్తూ ఉంటుంది. ఇనిషియలైజ్ చేసి, అంటే అన్నీ చెరిపేసి, వట్టి సా వేవ్‌తో (రంపం పళ్ల ఆకారపు తరంగం) మొదలుపెట్టండి కుర్రాడు గారూ. వారం రోజులు స్వరం పుట్టించే ఆసిలేటర్ ఒకటే, దాన్ని కోసే ఫిల్టర్ ఒకటే, అది ఎలా లేచి పడాలో చెప్పే ఎన్వలప్ ఒకటే.

చర్చి_కీబోర్డు (గుంటూరు):

ఇద్దరి మాటా ఒప్పుకోలేను. వట్టి సా వేవ్ దగ్గర మొదలుపెట్టిన మా తమ్ముడు మూడో రోజు "కందిరీగలా ఉంది" అని మూసేశాడు. నేను నేర్చుకున్నది ప్రీసెట్‌ని వెనక్కి విప్పుతూ. నచ్చిన సౌండ్ తీసుకుని, ఎఫెక్టు తీసెయ్, విను. రెండో ఆసిలేటర్ తగ్గించు, విను. ఫిల్టర్ పూర్తిగా తెరువు, విను. ఏది తీస్తే ప్రాణం పోయిందో అదే ఆ సౌండ్ గుట్టు. రేడియో విప్పి చూసినట్టు.

కటాఫ్_కుర్రాడు:

ఈ పద్ధతి నాకు నచ్చింది అన్నా. మైక్రోకార్గ్‌లో దీనికి ఒక సదుపాయం కూడా ఉంది. ఐదు నాబులే ఉంటాయి. డయల్‌తో వరస మారిస్తే అవే ఐదూ వేరే పనులు చేస్తాయి. ఏదైనా తిప్పుతుంటే సేవ్ అయి ఉన్న విలువ దగ్గరికి రాగానే ఒరిజినల్ వాల్యూ అనే లైటు వెలుగుతుంది. అంటే ఆ సౌండ్ చేసినవాడు కటాఫ్ ఎక్కడ ఆపాడో తెలిసిపోతుంది. కాకపోతే రైట్ (సేవ్ చేసే బటన్) కొట్టకుండా ప్రోగ్రామ్ మార్చితే చేసిందంతా గోవిందా. నాకు మూడుసార్లు అయింది.

వాణి గారూ, మీరు చెప్పినవి రాత్రే చేశాను. "సాయంత్రం సంతకి సాగిపోదాం" అని ఇరవైసార్లు అన్నాను, పక్కగదిలో అమ్మ ఏమనుకుందో తెలియదు. ముందు సైన్ వేవ్ (నునుపైన వట్టి స్వరం) పెట్టా, మాటే లేదు. సా వేవ్ పెట్టగానే తెలిసింది. నాయిస్ కొంచెం కలిపాక స వచ్చింది. పై ఆక్టేవ్‌లో పడితే మాట మళ్లీ ముద్దయింది, ఎందుకు?

ఓల్టేజ్_వాణి:

పై స్వరాల్లో హార్మోనిక్స్, అంటే స్వరంతో పాటు మోగే పై ధ్వనులు, దూరదూరంగా ఉంటాయి. కొన్ని బ్యాండ్లకి తెరవడానికి లోపల ఏమీ ఉండదు. కింద పట్టండి, కీబోర్డు మధ్య షడ్జం కంటే కిందే. ఇ.ఎఫ్.సెన్స్ (గొంతు మార్పుల్ని ఎంత త్వరగా పట్టుకోవాలో చెప్పే సెట్టింగ్) కూడా తగ్గించి చూడండి, ఒత్తులు తెగి వినిపిస్తాయి. "అమ్మ"లో మ్మ, "పట్టు"లో ట్టు.

కటాఫ్_కుర్రాడు:

తగ్గించాను. "పట్టు" నిజంగానే పట్టు అయింది! బి వైపు చివరి గడి బి.88 మీద రైట్ చేసేశా. పాతది పోతే పోయింది. ప్యాడ్స్ అన్నకి వినిపిస్తే "బాగానే ఉంది, ఇప్పుడు పాట నేర్చుకో" అన్నాడు.

గోదారి_కీస్:

సరైన మాట అన్నాడు. ఇంతకీ ఆ డబ్బాలో నాదస్వరం వస్తుందా?

కటాఫ్_కుర్రాడు:

ప్రయత్నిస్తున్నా అన్నా, వోకోడర్ లేకుండా. సా వేవ్, బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (నడిమి ధ్వనుల్నే వదిలేది), రెజొనెన్స్ (కోసే చోట మోత) సగానికి, కొంచెం పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం). గొంతు దగ్గరగానే ఉంది గానీ గమకం రావట్లేదు. పిచ్ వీల్ తిప్పితే శ్రుతి ఎంత వంగాలో చెప్పే బెండ్ రేంజ్ రెండు పెట్టాను, చాలదా?

గోదారి_కీస్:

మూడు పెట్టు. వైబ్రాటో మాత్రం ఎల్‌ఎఫ్‌ఓకి అప్పగించకు, బొటనవేలితో ఊపు. పోర్టమెంటో ఇంకా తగ్గించు, లేకపోతే జారుడుబల్లలా ఉంటుంది. అయ్యాక రెండున్నరలో వాయించి ఇక్కడ పెట్టు. ఏ నాబ్ ఎక్కడుందో ఫొటోలు కూడా తీసి పెట్టు, ఈసారి పోకూడదు.