అప్‌డేట్: బాబుకి మాటలు ఆలస్యం, ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి అర్హత వచ్చింది

రెండేళ్లు దాటినా మా బాబు నాలుగైదు మాటలే అంటున్నాడు, స్క్రీనింగ్‌లో బోర్డర్‌లైన్ వచ్చింది, ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి (ఎదుగుదలలో వెనకబడ్డ చిన్నపిల్లలకి తొందరగా ఇచ్చే సాయం) తీసుకుంటారా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. తీసుకున్నారు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది "ముందు చెవులు చూపించండి" అన్న సలహా. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది, దాంతో మాటలు సరిగా వినపడవు. నొప్పీ జ్వరమూ లేవు, ఇక అనుమానం ఎలా వస్తుంది! టింపానోమెట్రీలో (కర్ణభేరి ఎలా కదులుతుందో చూసే పరీక్ష) కొండలా లేవాల్సిన గీత చదునుగా వచ్చింది.

అసెస్‌మెంట్‌లో మాటలే కాదు, కదలికలు, ఆలోచన, నలుగురితో మెలగడం, సొంత పనులు కూడా చూశారు. డబ్బాలో దిమ్మలు వేయమంటే వేశాడు. బొమ్మల్లో కుక్క ఏదంటే మాత్రం నా మొహం చూశాడు. ఇంట్లో తీసిన వీడియో పట్టుకెళ్లమన్నవాళ్లకి దండం, అది కూడా చూసే తేల్చారు. భాషలో ఒక్కదాంట్లోనే బాగా వెనక ఉన్నాడు, మాకు అర్హత రావడానికి అది సరిపోయింది. ఈ రూల్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం కారణం కాదట. రెండిట్లోని మాటలూ కలిపే లెక్కేశారు. నెలలు నిండకుండా పుట్టాడని వయసు సవరించే (పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసే) చర్చా అక్కర్లేకపోయింది, రెండేళ్లు దాటాక మామూలుగా సవరించరు.

స్పీచ్ థెరపీ మొదలైంది. నీరు దానంతటదే తగ్గుతుందేమో మూడు నెలలు చూసి, మళ్లీ వినికిడి పరీక్ష చేస్తామన్నారు.