కొత్త కెనడా హిప్‌హాప్ ఆల్బమ్‌లను ఏ కొలతతో వినాలి?

ప్రశ్న: వినికిడి

రెండు మూడు నెలలుగా కెనడా హిప్‌హాప్ ఆల్బమ్‌లను వరసపెట్టి వింటున్నాను. ఇంతకు ముందు నాకు కెనడా ర్యాప్ అంటే టొరంటో నగరపు డ్రేక్ ఒక్కరే. 2011లో ‘టేక్ కేర్’ వచ్చినప్పటి నుంచి ఆయన ఆల్బమ్ ఒక్కటి కూడా వదలలేదు. ఇప్పుడు హేవియా మైటీ, కేడెన్స్ వెపన్, టోబీ, స్నాటీ నోజ్ రెజ్ కిడ్స్ వంటి వారిని వింటుంటే ఒక చిక్కు వచ్చి పడింది. ఈ ఆల్బమ్‌ల గురించి ఎవరి అభిప్రాయం చదివినా “డ్రేక్ స్థాయిని అందుకోలేదు” అనో, “డ్రేక్ నీడ నుంచి బయటపడింది” అనో, మెచ్చుకున్నా తిట్టినా ఆయనతోనే ముడిపెడుతున్నారు. ఆ కొలత నాకు సరైనదిగా తోచడం లేదు. అయితే దాని స్థానంలో ఏది పెట్టుకుని వినాలో కూడా తెలియడం లేదు. కెనడా ర్యాప్‌కు తనదంటూ ఒక ముద్ర ఉందా? ఉంటే అది బీట్‌లో ఉందా, మాటలో ఉందా? తెలిసినవారు ఒకటి రెండు ఆల్బమ్‌లను దగ్గరగా తీసుకుని వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

జవాబు: పాత క్యాసెట్

మంచి ప్రశ్న అడిగారండి. ముందుగా డ్రేక్ కొలత ఎలా పుట్టిందో చెబుతాను. ఆయన నిర్మాత నోవా షెబిబ్, అంటే ‘40’ అని పిలుచుకునే వ్యక్తి, బీట్‌లో పై స్థాయి ధ్వనులను కోసేసి, మిగిలినదంతా నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు మెత్తబరిచి, ఆ ఖాళీలో గొంతును ఒంటరిగా నిలబెట్టే పద్ధతిని పట్టుకున్నారు. 2009లో వచ్చిన ‘సో ఫార్ గాన్’ తరువాత ఆ మసక ధ్వనికే లోకం ‘టొరంటో సౌండ్’ అని పేరు పెట్టింది. అది గొప్ప పని అనడంలో నాకు సందేహం లేదు. కానీ ఒక్క స్టూడియోలో తయారైన ధ్వనిని ఒక దేశానికంతటికీ కొలబద్దగా పెట్టడం అన్యాయం.

ఆ ఊరి ర్యాప్‌కు అంతకు ముందే రెండు దశాబ్దాల చరిత్ర ఉంది. టొరంటో ర్యాపర్ మాయెస్ట్రో ఫ్రెష్ వెస్ తొలి ఆల్బమ్ 1989లో వచ్చింది. కెనడా సంగీత పురస్కారాలైన జూనోలలో ర్యాప్‌కు ఇచ్చిన మొదటిది 1991లో ఆయనకే దక్కింది. అయినా టొరంటోలో నల్లజాతి సంగీతం కోసం ఒక ఎఫ్‌ఎమ్ స్టేషన్ కావాలని పెట్టుకున్న దరఖాస్తును 1990లో ప్రసార నియంత్రణ సంస్థ తోసిపుచ్చి, ఆ ఫ్రీక్వెన్సీని కంట్రీ సంగీతానికి కట్టబెట్టింది. చివరకు ఫ్లో 93.5 గాలిలోకి వచ్చింది 2001లో. ఈలోగా 1998లో వాంకూవర్ బృందం రాస్కల్స్ తమకు వచ్చిన జూనోను తిరస్కరించారు. ర్యాప్ పురస్కారాన్ని టీవీలో చూపని భాగంలో ఇచ్చి సరిపెట్టడమే అందుకు కారణం. మరుసటి ఏడాది ఆ పురస్కారాన్ని ప్రత్యక్ష ప్రసారంలోకి మార్చారు, అదే వేదిక మీద వారు ‘నార్తర్న్ టచ్’ పాడారు. ఆ పాటలో గొంతు కలిపిన కార్డినల్ అఫిషాల్ 2001 ఆల్బమ్‌ను మీరు తప్పక వినాలి. అమెరికావాళ్ళు ఒక మాటను ఎలా అంటారో, అదే మాటను టొరంటోవాళ్ళు ఎలా అంటారో వరుసగా చెప్పుకుపోయే పాట ఒకటి అందులో ఉంది. జమైకా నుంచి వచ్చిన కుటుంబాల పలుకుబడి ఆ ఊరి యువత అందరి యాసగా ఎలా మారిందో మూడు నాలుగు నిమిషాల్లో అర్థమవుతుంది. కాబట్టి నా దృష్టిలో ఆ ముద్ర బీట్‌లో లేదు, యాసలో ఉంది.

జవాబు: పదమూడో మెట్టు

పాత క్యాసెట్ గారు చెప్పినదానికి ఒక్క ఆల్బమ్‌ను జోడిస్తాను. హేవియా మైటీ ‘థర్టీన్త్ ఫ్లోర్’ (పదమూడో అంతస్తు) 2019లో కెనడా ఆల్బమ్‌లకు ఇచ్చే పొలారిస్ బహుమతి గెలిచింది. అమ్మకాల లెక్కను పక్కన పెట్టి కేవలం సంగీతాన్ని విని తీర్పు చెప్పే ఆ బహుమతి 2006లో మొదలైతే, ఒక హిప్‌హాప్ ఆల్బమ్‌కు దక్కడానికి అన్నేళ్ళు పట్టింది. ఒక నల్లజాతి స్త్రీ దానిని అందుకోవడం కూడా అదే మొదలు.

పేరునే చూడండి. ఎన్నో ఎత్తైన భవనాలలో లిఫ్ట్ మీటలు పన్నెండు నుంచి నేరుగా పద్నాలుగుకు దూకుతాయి. అంతస్తు అక్కడే ఉంటుంది, మనుషులు అందులోనే ఉంటారు, దాని సంఖ్యను మాత్రం చెరిపేస్తారు. నల్లజాతివారి చరిత్రకు జరిగినది ఇదేనన్న ఆలోచన మీద ఆమె ఆల్బమ్ అంతా కట్టారు. చివరి పాట ‘థర్టీన్’ వినేటప్పుడు దయచేసి వేరే పని పెట్టుకోకండి. గొంతు పెద్దగా పెంచకుండా, ఊపిరి తీసుకునే చోట్లను కూడా తూకం వేసినట్టు వాడుతూ, బానిసత్వపు కాలం నుంచి నేటి దాకా ఆమె నడిపించుకు వస్తారు. నేను మొదటిసారి విన్నప్పుడు పాట ముగిశాక చాలాసేపు మరొకటి పెట్టుకోలేకపోయాను. ఇంత రాశాక నిజాయితీగా ఒక మాట చెప్పాలి: 2023లో వచ్చిన ‘క్రయింగ్ క్రిస్టల్స్’లో నాట్యానికి అనువైన బీట్‌లు బాగా కుదిరాయి గాని, ఆ కట్టుదిట్టమైన అల్లిక నాకు అందులో కనిపించలేదు.

జవాబు: తీరం దారి

పాత క్యాసెట్ గారూ, మీ చరిత్రలో తప్పు లేదు గాని, చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. మీరు కెనడా అన్నచోటల్లా నాకు టొరంటోయే వినిపిస్తోంది. స్నాటీ నోజ్ రెజ్ కిడ్స్ ఇద్దరూ బ్రిటిష్ కొలంబియా తీరంలోని కిటమాట్ నుంచి వచ్చిన హైస్లా అనే ఆదివాసీ జాతి యువకులు. వారి 2019 ఆల్బమ్ పేరు ‘ట్రాప్‌లైన్’. అడవిలో వేటగాడు ఉచ్చులు పన్నుకుంటూ సాగే దారిని ట్రాప్‌లైన్ అంటారు. అమెరికాలోని అట్లాంటా నుంచి వచ్చిన ‘ట్రాప్’ అనే ర్యాప్ బీట్ పేరు కూడా అందులోనే ఇమిడి ఉంది. పరాయి ఊరి బీట్‌ను తెచ్చుకుని, దాని పేరులోనే తమ తాతల దారిని వెతికి పట్టుకున్నారు. తమ నేల మీదుగా వేసే చమురు పైప్‌లైన్లను ఎదిరిస్తూ రాసిన పాటలు వట్టి నినాదాలుగా మిగలకపోవడానికి ఈ నేర్పే కారణమని నా నమ్మకం. 2024లో వచ్చిన ‘రెడ్ ఫ్యూచర్’ అదే జాతిని రేపటి కాలంలో నిలబెట్టి చూపిస్తుంది. ఇందులో యాస కన్నా నేల ముఖ్యం.

మాంట్రియల్ వైపు వెళ్తే భాషే వివాదం. డెడ్ ఒబీస్ బృందం ఫ్రెంచి, ఇంగ్లీషులను ఒకే వాక్యంలో కలిపి పాడుతుంది. ఫ్రెంచి పాళ్ళు సరిపోలేదని వారి 2016 ఆల్బమ్‌కు ఇచ్చిన ఆర్థిక సహాయం చేజారింది. వీధిలో మాట్లాడేది అదే భాష అయినప్పుడు, పాటలో మాత్రం పాళ్ళు లెక్కగట్టడం నాకు బాధ కలిగించింది.

జవాబు: పాత క్యాసెట్

ఒప్పుకుంటున్నాను. నేను టొరంటో దాటి చూడలేదు. ముద్ర యాసలో ఉందన్న మాటను వెనక్కి తీసుకుని, అది ఒక్కో పాట పుట్టిన ‘ఫలానా చోటు’లో ఉందంటాను.

జవాబు: వినికిడి

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ చదివాక కేడెన్స్ వెపన్ ‘ప్యారలల్ వరల్డ్’ను మళ్ళీ మొదటి నుంచి విన్నాను. 2021లో పొలారిస్ గెలిచిన ఆల్బమ్ అది. మొదటిసారి విన్నప్పుడు బీట్ ముక్కలు ముక్కలుగా ఉందని, డ్రేక్ పాటల్లోని మెత్తదనం లేదని పక్కన పెట్టేశాను. ఈసారి ‘ఆఫ్రిక్‌విల్స్ రివెంజ్’ అన్న పేరు దగ్గర ఆగి, ఆ ఊరు ఎక్కడిదో చూశాను. హాలిఫాక్స్ నగరం 1960లలో నేలమట్టం చేసిన నల్లజాతివారి పల్లె అది. ఆ సంగతి తెలిశాక అదే పాటలో కరకుగా గుద్దుకునే బాస్ నాకు లోపంగా వినిపించలేదు. మెత్తని బీట్ మీద ఆ పేరును పలకడం కుదరదు. తీరం దారి గారూ, ‘ట్రాప్‌లైన్’ ఈ రాత్రికి పెట్టుకున్నాను. ముందు ఏ పాటతో మొదలుపెట్టమంటారు?

జవాబు: తీరం దారి

పాటలు ఏరుకోవద్దండి, మొదటి నుంచి వరుసగా వినండి. మధ్యలో వచ్చే మాటల ముక్కలను దాటేయకండి, పాటలను ఒకదానికొకటి కలిపేవి అవే.