వంకర పాదం: ఒకేసారి కోసి సరిచేయాలా, రింగులు వేసి మెల్లగా లాగాలా?

అడిగినవారు: మా తమ్ముడికి 19 ఏళ్లు. పుట్టుకతోనే పాదం లోపలికి తిరిగి ఉంది. చిన్నప్పుడు ఆపరేషన్ చేయించినా మళ్లీ వంకరపోయింది. పాదం అంచు మీదే నడుస్తాడు. ఒక డాక్టరు ఎముక ముక్క తీసి, కీళ్లు ఇక కదలకుండా కలిపేస్తే ఒకే ఆపరేషన్‌తో అయిపోతుందన్నారు. ఇంకొకరు ఇలిజరోవ్ రింగులు (కాలి చుట్టూ బయట బిగించి, ఎముకలోకి తీగలు దింపి, నట్లు తిప్పుతూ మెల్లగా సరిచేసే చట్రం) వేయాలంటున్నారు. ఏది మేలు?

ఆర్థో పీజీ: నా ఓటు రింగులకే. ఇన్నేళ్లుగా పాదం లోపలి వైపు చర్మం, రక్తనాళాలు, నరం కురచగా ఉండిపోయాయి. ఒక్కసారిగా తిప్పితే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, నరం దెబ్బతినొచ్చు. ఆ భయంతోనే బయటి వైపు ఎముక తీసేస్తారు. దాంతో అసలే చిన్నగా ఉన్న పాదం ఇంకా పొట్టిదవుతుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజరోవ్ 1950ల నుంచి చూపించింది దీనికి పూర్తిగా వేరు: ఎముకను కోసి, కొన్ని రోజులు ఆగి, రోజుకు 1 మిల్లీమీటరు, అదీ పావు పావు చొప్పున నాలుగుసార్లు జరిపితే ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. చర్మం, నరం కూడా దాంతోపాటు సాగుతాయి. తీసేయడం కాదు, పెంచడం.

రింగులు వేయించుకున్నవాణ్ని: చెప్పడానికి బాగానే ఉంటుందండీ. నా కాలికి ఐదు నెలలు ఉన్నాయి. నట్లు తిప్పిన రాత్రి నిద్ర ఉండేది కాదు. తీగలు దిగిన చోట రెండుసార్లు చీము పట్టింది. వేళ్లు కిందికి ముడుచుకుపోతుంటే రోజూ సాగదీయాలి. ఇంట్లో ఒక మనిషి పూర్తిగా దీనికే కావాలి. ఇవేవీ నాకు ముందు చెప్పలేదు. పాదం నేలకు ఆనింది, నిజమే. కానీ కీళ్లు బిగుసుకునే ఉన్నాయి. ఎలాగూ బిగుసుకునే కీళ్లయితే ముందే కలిపేస్తే తప్పేమిటి?

ఆర్థో పీజీ: మీ మాట కొట్టిపారేయను. వంకర ఓ మోస్తరుగా ఉండి, చర్మం మెత్తగా ఉంటే నేనూ కీళ్లు కలపడమే మంచిదంటాను. మచ్చలు పడిన బిగుసు పాదానికి మాత్రం ఒప్పుకోను. ఇంకో మాట, రింగులు తీసిన వెంటనే వదిలేస్తే వంకర మళ్లీ రావచ్చు. సరైన స్థితికి వచ్చాక కూడా కొన్ని వారాలు వాటిని అలాగే ఉంచి, తర్వాత పిండికట్టు, ఆపైన పాదాన్ని సరిగ్గా పట్టి ఉంచే బ్రేస్ వాడాలి. అడిగినవారూ, పాత ఆపరేషన్ మచ్చ ఎక్కడుంది? అరికాల్లో స్పర్శ తెలుస్తోందా?

అడిగినవారు: మచ్చ లోపలి వైపే, పొడవుగా ఉంది. పట్టి చూస్తే ఎముకకు అతుక్కున్నట్టుంది. స్పర్శ బాగానే ఉంది. ఐదు నెలలు పక్కన ఉండటానికి నేనున్నాను. వాడు తట్టుకుంటాడా అన్నదే టెన్షన్. ఈ రాత్రి మీరు రాసినవన్నీ వాడికే చదివి వినిపిస్తాను.