కుర్స్క్ నాటి పాంథర్ టరెట్‌కు పొగబాంబు గొట్టాలు ఉంచాలా, తీసేయాలా?

1943 జూలైలో సోవియట్ సేనలతో జరిగిన కుర్స్క్ యుద్ధంలో దిగిన జర్మన్ 51వ బెటాలియన్ ట్యాంకుగా, 1/35 స్కేలులో పాంథర్ ఆస్ఫ్. డి (జర్మన్ పాంథర్ ట్యాంకులో ఒక రకం) నమూనా తయారు చేస్తున్నాను. చక్రాలు, ట్రాకులు పూర్తయ్యాయి. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా పూసే జిమ్మెరిట్ పూత ఆ యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చింది కాబట్టి హల్‌ను (ట్యాంకు కింది భాగాన్ని) నునుపుగానే ఉంచాను.

చిక్కంతా టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) దగ్గరే వచ్చింది. దాని ముందు భాగాన ఇరువైపులా మూడేసి పొగబాంబు గొట్టాలు అతికించమని కిట్ సూచనల్లో ఉంది. కర్మాగారాల్లో వీటిని అమర్చడం 1943 జూన్ ప్రాంతంలో ఆపేశారు. అయితే కుర్స్క్‌కు పంపిన 200 పాంథర్లలో చాలావరకు అంతకుముందు తయారైనవే. అందుబాటులో ఉన్న యుద్ధకాలపు ఫొటోలను పెద్దవి చేసి చూశాను గానీ, కొన్నింటిలో సరిగ్గా ఆ చోటే కొమ్మలూ గడ్డీ కప్పి ఉన్నాయి, మరికొన్నింటిలో మసక వల్ల ఖాళీ బ్రాకెట్టుకూ గొట్టానికీ తేడా తెలియడం లేదు. మ్యూజియం ట్యాంకులను ఆధారంగా తీసుకోవడం నాకు సరైనదిగా తోచలేదు, ఎందుకంటే మరమ్మతుల్లో ఇటువంటి చిన్న భాగాలే ముందుగా మారిపోతాయి. అతికించాక ఊడదీస్తే టరెట్ పక్క పలక పాడవుతుంది కనుక పని అక్కడే ఆపాను.

51వ బెటాలియన్ పాంథర్లు కుర్స్క్‌లో యుద్ధానికి దిగే నాటికి ఈ గొట్టాలు బిగించే ఉన్నాయా, లేక వాటిని తీసేసి బ్రాకెట్లు మాత్రమే మిగిల్చారా?