ప్లాట్ హౌండ్ పిల్లని ఎలా ఎంచుకోవాలి? ఎలుగుబంటి వేటకి శిక్షణ ఎప్పుడు మొదలుపెట్టాలి?

నీలికొండ:
అందరికీ నమస్తే. ఉద్యోగం మారి ఈమధ్యే నార్త్ కరోలినాలో ఆష్‌విల్ దగ్గరికి వచ్చాం. మా పక్కింటి పెద్దాయనది తరతరాలుగా ఎలుగుబంటి వేట చేస్తున్న కుటుంబం. ఆయన ప్లాట్ హౌండ్ (ఒంటిమీద చారలుండే వేటకుక్క జాతి) ఒకటి ఈనింది. ఎనిమిది వారాలు నిండాక ఒక పిల్లని ఇస్తానని, బాగా తయారైతే తనతో అడవికి తీసుకెళ్తానని అన్నారు. ఇంట్లో ఎప్పుడూ కుక్కలు ఉండేవి కానీ వేటకుక్కని పెంచింది లేదు. అన్నిటికంటే దూకుడుగా ఉండి, తోబుట్టువుల్ని తోసేసి ముందుకొచ్చే మగపిల్ల మీద నాకు కన్ను పడింది. సరైన ఎంపికేనా? నేను హెచ్‌1బీ మీద ఉన్నాను, దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

కొండల్లో వెట్:
నేను తిరుపతిలో వెటర్నరీ చదివి, ఇప్పుడు హేవుడ్ కౌంటీలో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఈ జాతికి పేరిచ్చిన ప్లాట్ కుటుంబం 1800 ప్రాంతంలో స్థిరపడింది ఈ కౌంటీలోనే. వాళ్ల పూర్వీకులు జర్మనీ నుంచి తెచ్చిన కుక్కల సంతతే ఇది. 1989లో నార్త్ కరోలినా దీన్ని రాష్ట్ర శునకంగా ప్రకటించింది. సీజన్ మొదలైతే మా టేబుల్ మీదికి వచ్చేవాటిలో చాలావరకు ఈ చారల కుక్కలే. కాబట్టి నేను చెప్పేది గాయాలు చూసినవాడి మాటగా తీసుకోండి.

ఆ దూకుడు పిల్లని వదిలేయండి. ఎలుగుని చూడగానే మీదపడి కరిచే కుక్కే నా దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది, లేదా అసలు రాదు. మంచి కుక్క ఎలుగుకి అందనంత దూరంలో నిలబడి, చుట్టూ తిరుగుతూ, అరుపు ఆపకుండా దాన్ని కదలనివ్వదు. అది చెట్టెక్కితే యజమాని వచ్చేదాకా చెట్టు మొదట్లోనే ఉంటుంది. ఇక్కడివాళ్లు తెగువ అనేది దీన్నే. గంటలకొద్దీ వదలకపోవడం తెగువ, చావుకి ఎదురెళ్లడం కాదు.

ఎనిమిది వారాల పిల్లని చూసి పెద్దగా తేల్చలేం, తల్లిదండ్రుల్ని చూడండి. రెండింటినీ అడవిలో పని చేస్తుండగా చూపించమని పెద్దాయన్ని అడగండి. పొద్దంతా పరిగెత్తి సాయంత్రం ట్రక్కు దగ్గరికి వచ్చినప్పుడు వాటి కాళ్లు పరిశీలించండి. వేళ్లు దగ్గరగా ముడుచుకున్న గుండ్రటి పాదం రాళ్లలో నిలుస్తుంది. వేళ్లు విచ్చుకున్న పాదమైతే అరికాలి మెత్తలు త్వరగా చీలతాయి. పిల్లల్లో చూడదగ్గది ఒకటి ఉంది. గడ్డిలో ఒక మాంసం ముక్కని కనపడకుండా ఈడ్చుకెళ్లి దాచండి. కంటికి ఏమీ కనిపించక ఆగిపోయే పిల్లలుంటాయి, వెంటనే ముక్కు నేలకి ఆనించేది ఉంటుంది. ఆ రెండో రకాన్ని తీసుకోండి. ఒంటిమీద చారలు, రంగు చూసి మోసపోవద్దు.

మొదటి ఏడాది వేట ఊసే వద్దు. పిలిస్తే రావడం, గొలుసుకి లాగకుండా నడవడం, ట్రక్కులో పెట్టెలోకి తనంతట తానే ఎక్కడం, తుపాకీ చప్పుడుకి బెదరకపోవడం చాలు. తర్వాత పెద్ద కుక్కలు ఎలుగుని చెట్టెక్కించాక, మీ కుక్కని గొలుసుతోనే ఆ చెట్టు దాకా నడిపించండి. పైన జంతువుని, కింద మొరిగే పెద్దవాటిని చూసి దానికి పని అర్థమవుతుంది. నిలకడైన ముసలి కుక్కలు ఒకటి రెండింటితో విడిచిపెట్టడం ఆ తర్వాత. పెద్ద గుంపులో వదిలితే తన ముక్కు వాడదు, ముందున్నవాటి వెనకాల పరిగెత్తుతుంది.

జింకల వెంట పడటం మాన్పించడమే అన్నిటికంటే కష్టం. షాక్ కాలర్ (బటన్ నొక్కితే కుక్క మెడకి కరెంటు షాక్ తగిలే పట్టీ) వాడేవాళ్లకి ఒకటే చెప్తాను: అది జింక వెనకే పోతోందని మీ కంటితో చూస్తే తప్ప బటన్ నొక్కకండి. ఎలుగు జాడ మీద ఉన్నప్పుడు షాక్ తగిలిందంటే, ఆ వాసనంటేనే భయపడే కుక్క తయారవుతుంది. మళ్లీ దారికి తేవడం చాలా కష్టం.

అరుపులు కూడా నేర్చుకోండి. జాడ మీద ఉన్నంతసేపు గొంతు సాగదీసి కూస్తుంది, చెట్టు కిందికి చేరగానే పొట్టి పొట్టిగా, గుక్క తిప్పుకోకుండా మొరుగుతుంది. కుక్క ఎక్కడుందో చూపే జీపీఎస్ కాలర్ ఉన్నా ఇక్కడి పెద్దలు ఇంజిన్ ఆపి, కిటికీ దించి వింటారు. ఏ గొంతు ఎవరిదో లోయ అవతల నుంచే చెప్తారు.

ఉద్దానం వాసి:
మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. జీడితోటల్లో ఎలుగులు తిరిగే ప్రాంతం. ఈ చర్చ చదివి ఇక్కడ ఎవరైనా కుక్కలతో ప్రయత్నిస్తారేమోనని రాస్తున్నాను. మన ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో (అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో) ఉంది, వేట నేరం. పైగా అమెరికా నల్ల ఎలుగులా ఇది భయపడితే చెట్టెక్కి దాక్కోదు, తిరగబడి మీదికి వస్తుంది. తోటకి వెళ్లేటప్పుడు కుక్కని వెంట తీసుకెళ్లడమూ ప్రమాదమే. అది ఎలుగుని రెచ్చగొట్టి మన కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగు. తెల్లవారుజామున వెళ్లాల్సి వస్తే గట్టిగా మాట్లాడుకుంటూ గుంపుగా వెళ్లడమే మేలు.

షార్లెట్ శీను:
వీసా సంగతి చెప్తాను. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. ముట్టుకునే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో వేట పూర్తిగా నిషేధం, కుక్కలకి ఆ సరిహద్దు తెలియదు. ఎక్కడ వదులుతున్నారో చూసుకోండి. ముందు ముందు వేరే రాష్ట్రానికి మారినా జాగ్రత్త: కొలరాడో 1992లో, ఒరెగాన్ 1994లో, వాషింగ్టన్ 1996లో ఓటింగ్ పెట్టి కుక్కలతో ఎలుగు వేటని ఆపేశాయి.

నీలికొండ:
అందరికీ థాంక్స్. తుపాకీ జోలికి పోను, కుక్కతో వెళ్లి చూడటం వరకే. వెట్ గారూ, ట్రక్కులో ఏం పెట్టుకోవాలి?

కొండల్లో వెట్:
సెలైన్ బాటిళ్లు, శుభ్రమైన గుడ్డలు, అతుక్కునే బ్యాండేజీ చుట్టలు, మూతికి కట్టు. నొప్పిలో ఎంత మంచి కుక్కైనా కరుస్తుంది. ఎలుగు పంటి గాటుని పైనుంచి చూసి చిన్నదే అనుకోవద్దు. బయట చొక్కా గుండీ అంత రంధ్రం ఉంటుంది, వెంట్రుకలు గీసి లోపలికి సెలైన్ పట్టిస్తే అరచేయంత మేర చర్మం కండ నుంచి విడిపోయి ఉంటుంది. అలాంటిదాన్ని అక్కడికక్కడే స్టేపుల్ చేసి మూసేస్తే లోపల చీము పడుతుంది. కడిగి, వదులుగా చుట్టి తీసుకురండి. ఛాతీ గాయంలోంచి ఊపిరితో పాటు బుడగలు వస్తుంటే మాత్రం శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ అదిమిపట్టి, దారిలోనే క్లినిక్‌కి ఫోన్ చేయండి.

వేటరోజు పొద్దున కడుపునిండా పెట్టకండి. లోతైన ఛాతీ ఉన్న జాతి, నిండిన పొట్టతో పరిగెత్తితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తిరిగొచ్చాక కూడా రొప్పు పూర్తిగా తగ్గనిచ్చి, నీళ్లు కొంచెం కొంచెంగా పట్టి, ఆ తర్వాతే తిండి. పిల్లని ఎంచుకున్నాక ఫొటో పెట్టండి, పాదాలు కనపడేలా.